వానపాము కాపలాకు విలువ కట్టరా?

టమాటా తోట పచ్చగా ఉండగానే మొక్క ఒక్కసారిగా వాలిపోతుంది. దాని కాండం కోసి గ్లాసు నీళ్లలో నిలబెడితే, కోసిన చోటు నుంచి పాలలాంటి ధార కిందికి జారుతుంది. అదే బాక్టీరియా ఎండు తెగులు. వంగ, మిరప, బంగాళాదుంప, అల్లం పంటలకూ ఈ బెడద ఉంది. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా నేలలో నుంచి వేరు గాయాల గుండా మొక్కలోకి చేరి, నీరు పారే నాళాలను మూసేస్తుంది. లోపలికి చేరాక నయం చేసే మందు లేదు. అయినా దుకాణాల్లో ఏదో ఒక మందు అంటగడుతూనే ఉన్నారు. రైతు అప్పు పెట్టి తెస్తూనే ఉన్నాడు.

మందు లేని చోట కాపాడాల్సింది నేలే. అందులో వానపాము పాత్ర పెద్దది. అది మట్టిని, కుళ్లిన ఆకును మింగినప్పుడు హానికర బాక్టీరియాలో కొంత దాని పేగులోనే చస్తుంది. వానపాము విసర్జించే మట్టిలో మేలు చేసే సూక్ష్మజీవులు ఎక్కువ. అవి వేరు చుట్టూ చోటును, తిండిని ముందే ఆక్రమించి తెగులు క్రిమికి అడ్డుపడతాయి. వానపాము బొరియల వల్ల నీరు ఇంకుతుంది. నిలవ నీరే ఈ తెగులుకు బలం.

వానపాము ఒక్కటే అన్నీ చేస్తుందని చెప్పడం లేదు. తెగులు వచ్చిన మడిలో జొన్న, మొక్కజొన్న వంటి పంటలతో మార్పిడి చేయాల్సిందే. వాలిన మొక్కలను పీకి తగలబెట్టాలి, ఎరువు తొట్టెలో వేయకూడదు. తొట్టెలో పెంచే వానపాములను పొలంలో వదిలినా నిలవవు, అవి చెత్తలో బతికే రకం. పొలంలోని వానపాములు పెరగాలంటే పశువుల ఎరువు, పచ్చిరొట్ట, ఆకుల కప్పు కావాలి.

మరి ప్రభుత్వం చేస్తున్నదేమిటి? వానపాములను కూడా చంపే ఫోరేట్ గుళికలను 2020 చివరిదాకా అమ్మనిచ్చింది. రసాయన ఎరువుల రాయితీకి కేంద్రం ఏటా లక్షన్నర కోట్ల రూపాయలకు పైగా ఖర్చు చేస్తోంది. ఆ రాయితీ తీసేయమని మనం అడగడం లేదు. సేంద్రియ ఎరువుకు 2023లో ప్రకటించిన టన్నుకు 1500 రూపాయల సాయం మాత్రం గోబర్‌ధన్ కింద నడిచే బయోగ్యాస్ ప్లాంట్ల ఎరువుకే. పాక కింద తొట్టె కట్టి వానపాముల ఎరువు తీసే రైతుకు అందులో పైసా లేదు.

అదే సాయం రైతుల తొట్టెలకూ ఇవ్వాలి. జీలుగ, జనుము విత్తనాలు అదను దాటాక కాదు, తొలకరికి ముందే చేతికందాలి. కూరగాయల మండలాల్లో ఎండు తెగులును గుర్తించి చెప్పే సిబ్బంది ఉండాలి. ఈ మూడు కోర్కెలనూ ప్రతి గ్రామ కమిటీ తీర్మానం చేసి మండల వ్యవసాయాధికారికి అందజేయాలి. నేల చచ్చాక పంట నష్టపరిహారం కోసం తిరిగే కన్నా, నేల బతికుండగానే అడగడం మేలు.