పండుగ యెవరిది?

కొండసీమల జనులకు యాత్రికులవలన గొప్ప మేలు కలుగుచున్నదని సభలలోను పత్రికలలోను తఱచుగా వినుచున్నాము. ఈ మాటలో సత్యము కలదు గాని కొంతయే కలదు. తక్కిన భాగమును గూర్చి మాటలాడువారు అరుదగుటచే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

కొన్ని యేండ్ల క్రిందట మేము మా విద్యార్థులను వెంటబెట్టుకొని విశాఖపట్టణమున రైలెక్కి అరకులోయకు పోయితిమి. సొరంగములను, బొఱ్ఱా గుహలను చూచి బాలురు మిగుల సంతసించిరి. సాయంకాలము మా బస యావరణమున ధింసా నృత్యము ఏర్పాటయ్యెను. ఒకే రంగు చీరలు కట్టిన స్త్రీలు వీపుల వెనుకగా చేతులు పెనవేసికొని, డప్పునకును మోరికిని తగినట్లు అడుగులు వేయుచు వలయముగా తిరిగిరి. అరగంటకు ఆట ముగిసెను. మా విద్యార్థి యొకడు ముందునకు పోయి, “ఇది యే పండుగనాటి యాట యమ్మా?” యని యడిగెను. వారిలో పెద్దవయస్సు గల యామె నవ్వి, “ఈనాడు పండుగ మీది బాబూ, మాది కూలి” యని బదులు చెప్పెను. బాలురును నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ యాటకు సొమ్మిచ్చినవారము మేమే గదా!

ధింసా యనునది ఒక్క యాట కాదు. గ్రామదేవత గౌరవార్థ మాడునది బోడ ధింసా. ఆకులేరుటను అభినయించునది పోతర్ తోల. పులి బారినుండి తప్పించుకొనుటను చూపునది భాగ్ ధింసా. పెండ్లిండ్లయందును, చైత్రమాసపు పండుగలయందును ఒక యూరివారు మఱియొక యూరికి పోయి, కలిసి యాడి, కలిసి భుజించి స్నేహము నిలుపుకొనుట వారి యాచారము. బసలో మేము చూచినది వీనిలో నేదియు కాదు. వీని యడుగులు కొన్ని యేర్చి కూర్చిన అరగంట. ఋతువును, దేవతయు, పొరుగూరి చుట్టమును తొలగిన పిమ్మట మిగిలినవి యడుగులు మాత్రమే.

“పేదలకు నాలుగు డబ్బులు వచ్చుట తప్పా?” యని కొందరు ప్రశ్నింతురు. తప్పు కాదు. మన గాయకులు సంభావన గైకొనుట లేదా? అయితే గాయకుడు తాను పాడవలసిన కృతిని తానే యెన్నుకొనును. ఇచ్చటనో వేళను, నిడివిని, చీర రంగును సయితము బసవాడు నిర్ణయించును. సొమ్ము వాని చేతిమీదుగానే పోవును. మేము ఖండించునది కూలిని కాదు, ఈ స్వాతంత్ర్యలోపమును.

“యాత్రికులు చూడకున్నచో ఆ కళ నశించును” అనువారును కలరు. రైలుబండి రాకపూర్వము ఆ కళను పోషించిన దెవరు? అడవియు, పొలమును, కోతలయనంతరపు తీరికయు గదా! బసలకొఱకే యాట నేర్చిన బాలికకు అరగంట ధింసాయే ధింసా యగును. అప్పుడు నశించిన దేదో చెప్పుటకు కూడ ఎవరును మిగులరు.

ఆటకు వెనుక నేల కలదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు గాకుండ 1959 నాటి నిబంధనయు, దానికి 1970లో జరిగిన సవరణయు అడ్డుపడుచున్నవి. అనంతగిరి మండలపు గనుల కౌళ్లను గూర్చిన సమత వ్యాజ్యమున, ప్రభుత్వము సయితము అచ్చటి భూమిని గిరిజనేతరులకు కౌలుకియ్యరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. గనులు త్రవ్వుటకు చట్టమంగీకరించు తావులందైనను, నికరలాభమున నూటికి 20 వంతులకు తక్కువ గాకుండ స్థానికుల నీటివసతికి, బడులకు, వైద్యమునకు వేఱుంపవలెనని అదే తీర్పు పలికినది. భూగర్భమందలి రాతికే యింతటి మర్యాద యుండగా, మనుష్యుల పండుగను త్రవ్వుకొని పోవువానికి ఏ నియమమును లేకుండుట న్యాయమా?

క్రొత్త చట్టమొకటి కావలెనని మేము కోరుట లేదు. షెడ్యూల్డు ప్రాంతములకై 1996లో చేసిన పంచాయతీల చట్టము, తన జనుల సంప్రదాయములను, ఆచారములను, సాంస్కృతిక విశిష్టతను కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు కలదని స్పష్టముగా చెప్పుచున్నది. ఏ యాట పరులకు చూపవచ్చునో, ఏది చూపరాదో, వెల యెంతయో ఆ సభయే నిర్ణయించుగాక. బసవాడు దాని యనుమతి పొందుగాక. సొమ్ము నర్తకుల చేతికే చేరుగాక.

ఇక ఉపాధ్యాయులమైన మాకును ప్రాయశ్చిత్తము కలదు. బాలురను కొండమీదికి కొనిపోవుటకు ముందు, ఆ కొండ యెవరిదో వారికి చెప్పవలెను. మేమానాడు చెప్పలేదు, ఆ లోపమునే మా విద్యార్థి ప్రశ్న బయలుపఱచినది. చదువరులారా, మీరును అరకు పోవుదురు, పోవలదని మేమనము. కాని చూచుటకు సొమ్మిచ్చినంతమాత్రమున పండుగ మనది కాజాలదు. వారు పిలిచిననాడు, వారి పండుగకు, చుట్టములమై పోవుదము. అంతవఱకు ఆ లోయలో మనము కొనుచున్నది కూలి మాత్రమే యని యెఱిగి మెలగుదము.