నొప్పి – నమ్మకం

జ్వరాన్ని కొలవడానికి థర్మామీటరు ఉంది. రక్తపోటును కొలవడానికి యంత్రం ఉంది. నొప్పికి మాత్రం అటువంటి సాధనం లేదు. రోగి చెప్పే మాటే దాని కొలత. ఆ మాటను వైద్యుడు ఎంతవరకు నమ్ముతాడన్నది, చెప్పేవారు ఎవరన్న దాన్నిబట్టి మారుతుంటుంది. చికిత్సలో పక్షపాతం ప్రవేశించేది ఇక్కడే.

2016లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 222 మంది శ్వేతజాతి వైద్యవిద్యార్థులను, శిక్షణలో ఉన్న వైద్యులను పరీక్షించారు. నల్లజాతివారి చర్మం మందమైనదనడం వంటి అపోహల్లో కనీసం ఒకదానిని దాదాపు సగంమంది అంగీకరించారు. అట్లా అంగీకరించినవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. వారు సూచించిన చికిత్సలోనూ పొరపాట్లు ఎక్కువ. వీరు క్రూరులు కారు, శరీరశాస్త్రం చదువుకున్నవారే.

ఇది మనకు దూరపు సంగతి కాదు. “కాయకష్టం చేసే ఒళ్లు, దానికి నొప్పేమిటి?” అనే మాట మన నవాబుపేటలోనూ వినిపిస్తుంది. తాండూరు నాపరాతి గనుల కూలీని గురించో, తండా నుంచి వచ్చిన లంబాడీ స్త్రీని గురించో అనే మాట అది. మందమైన చర్మం కథకు ఇది మన పాఠాంతరం.

స్త్రీల విషయంలో మన సాహిత్యానికీ కొంత బాధ్యత ఉంది. ఓర్పు అనగానే భూదేవిని, భూదేవి అనగానే స్త్రీని తలచుకోవడం మన కవులకు అలవాటు. ఆ పోలికను నేనూ ఏళ్ల తరబడి తరగతిలో మెచ్చుకుంటూ వివరించాను. ఓర్పు సహజగుణమని నిర్ణయించిన చోట మూలుగు నటనగా కనిపిస్తుందని ఆనాడు నాకు తోచలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశంలో నూటికి ముగ్గురు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎనిమిదికి పైగా. అన్నీ అనవసర శస్త్రచికిత్సలని అనలేము. అయినా ఒక బాధను ఓపికగా వినడం కన్న ఆ అవయవాన్ని తీసివేయడం సులభమైపోయిందేమోనన్న సందేహం నన్ను వదలదు.

వైద్యం చదువుతున్న నా పూర్వ విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి అడిగాను. “వివక్ష లేదు సార్, సమయం లేదు” అన్నాడు. పక్కనే ఉన్న అతని సహాధ్యాయిని ఒప్పుకోలేదు. “సమయం లేనప్పుడు ముందుగా ఎవరి మాట కొట్టివేస్తున్నామో చూశావా?” అన్నది. అతడు మౌనం వహించాడు. నాకు ఆమె ప్రశ్నే సరైనదనిపించింది. తొందరలో ఉన్నవాడు ఆలోచించడు, అలవాటును అనుసరిస్తాడు.

నొప్పి ఉన్నదని వ్యక్తి చెప్పే మాటను గౌరవించాలనీ, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేదనుకోరాదనీ నొప్పి అధ్యయనానికి చెందిన అంతర్జాతీయ సంఘం 2020లో స్పష్టం చేసింది. చెప్పడానికి భాష కావాలి. తలకు పోటు, పుండుకు సలుపు, పిక్కలకు గుంజుడు, కడుపులో నులిమినట్లుండడం... ఇవన్నీ వేర్వేరు బాధలు. కేస్‌షీటులో అన్నీ ఒకే మాటగా మిగులుతాయి. లంబాడీ మాత్రమే తెలిసిన వృద్ధురాలికి ఆ ఒక్క మాటా దక్కదు.

2023లో వికారాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. మీలో బై.పి.సి. వారు కొందరు రేపు అక్కడే చేరవచ్చు. 2019 నుంచి వైద్యవిద్యలో రోగితో సంభాషించే పద్ధతి కూడా పాఠ్యాంశమే. అందులో లంబాడీలో నొప్పిని చెప్పే మాటలను చేర్చాలని నా అభిప్రాయం. ఆ పాఠం చెప్పడానికి ఆచార్యులే రానక్కరలేదు, వార్డులో పనిచేసే తండా ఆయా చాలు.