రాజీకి వెల యెవరు చెల్లింతురు?

సర్వమును నశించు సమయము వచ్చినప్పుడు సగము విడిచి సగము నిలుపుకొనుట పండితుని లక్షణమని మన పెద్దలు చెప్పుదురు. పాఠశాలలలో తరతరములుగా బాలురు వల్లించుచు వచ్చిన నీతి ఇది. ఐతే ఆ నీతిలో పైకి చెప్పని నియమ మొకటి దాగియున్నది. పండితుడు విడుచు సగము పండితునిదే కావలెను. పొరుగువాని సగమును విడిచిపెట్టి తాను పండితుడ ననిపించుకొనుటకు ఆ నీతి అనుమతింపదు. అట్టి పనికి మన భాషలో వేరొక మాట కలదు: అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు.

పేదలకు, వృద్ధులకు, రోగులకు ఆసరాగా నేర్పడిన పథకములపై రాజకీయ పక్షములు రాజీ కుదుర్చుకొన్నప్పుడు ఈ రెంటిలో నేది వర్తించునో తేల్చుకొనవలసి యుండును. ఈ విచారణకు అమెరికా సంయుక్త రాష్ట్రముల తొంబదియేండ్ల అనుభవము మంచి పాఠ్యగ్రంథము.

మొదట ఇటీవలి ఘట్టమును చూతము. 2025 అక్టోబరు 1వ తేదీ నుండి నవంబరు 12వ తేదీ వరకు, 43 దినములు, ఆ దేశపు కేంద్ర ప్రభుత్వ కార్యాలయములు పెక్కు మూతపడినవి. కాంగ్రెసు వ్యయానుమతి బిల్లును ఆమోదింపకపోవుటయే కారణము. అంత దీర్ఘమైన స్తంభన అంతకుముందు ఆ దేశమున నెన్నడును కలుగలేదు. వివాదమునకు మూలము ఆరోగ్య బీమా. స్వయముగా బీమా కొనుక్కొను కుటుంబముల ప్రీమియములో ప్రభుత్వము భరించు భాగమును 2021లో పెంచిరి. 2022లో ఆ పెంపును 2025 చివరి వరకు పొడిగించిరి. ఈ సాయము పొందువారి సంఖ్య 2 కోట్లకు మించినది. గడువు పొడిగించిననే తప్ప వ్యయబిల్లునకు సమ్మతింపమని డెమోక్రాటిక్ పక్షము పట్టుపట్టెను. సెనేటులో నట్టి బిల్లు ముందుకు సాగవలెనన్న 100 మందిలో 60 మంది సమ్మతింపవలెను. రిపబ్లికన్ పక్షమునకు అంత బలము లేదు. తుదకు డెమోక్రాటులతో కూడి నడచు ఎనిమిదిమంది సభ్యులు ఎదుటి పక్షముతో కలిసి ఓటు చేసిరి. కార్యాలయములు తెరువబడినవి, బీమా సాయము మాత్రము పొడిగింపబడలేదు. డిసెంబరులో దానిపై ఓటింగు జరిపింతుమను మాట ఒక్కటి దక్కినది. ఆ మాట ప్రకారము ఓటింగు జరిగినది. కావలసిన 60 ఓట్లు రాలేదు.

సెనేటరు బెర్నీ శాండర్స్ మొదలుగాగల అభ్యుదయవాదులు ఈ రాజీని తీవ్రముగా నిరసించిరి. నలువది దినములు నిలిచి, కోరినది చేతికి రాకుండగనే లేచిపోవుట యేమి నీతి యని వారి ప్రశ్న. ఐనను, ఆ ఎనిమిదిమంది చెప్పిన సమాధానము కూడ కొట్టివేయదగినది కాదు. ప్రభుత్వపు ఆహార సహాయముపై ఆధారపడినవారు ఇంచుమించు 4 కోట్ల 20 లక్షలమంది. స్తంభనవలన నవంబరు నెల సహాయము వారికి సకాలమున అందలేదు. లక్షలాది ఉద్యోగులు జీతములు లేక యుండిరి. ఎదుటి పక్షము దిగివచ్చు సూచన కానరాలేదు. నేడు పొయ్యి వెలుగని యింటికి వచ్చే యేటి బీమాను గూర్చి చెప్పిన మాట అన్నము కాజాలదు.

కాబట్టి రాజీ యనగానే ద్రోహమనుటయు, రాజీ యనగానే వివేకమనుటయు రెండును తొందరపాటే. గతమున జరిగిన రాజీలు ఏ ఫలముల నిచ్చెనో చూచినగాని తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఆ దేశపు సాంఘిక భద్రతా చట్టమే రాజీతో పుట్టినది. 1935 ఆగస్టు 14వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు దానిపై సంతకము చేసెను. వృద్ధాప్యమున పింఛను హక్కుగా లభించు నేర్పాటు దానివలన కలిగినది. ఐతే వ్యవసాయ కూలీలను, ఇండ్లలో పనిచేయువారిని దానినుండి తొలగించిరి. దక్షిణ రాష్ట్రముల సభ్యుల ఒత్తిడియే ఇందుకు కారణమని కొందరు చరిత్రకారులు, అట్టివారి నుండి చందా వసూలు చేయుట కష్టమని ఆర్థిక శాఖ తలచుటయే కారణమని మరికొందరు చెప్పుదురు. కారణ మేదైనను ఫలిత మొక్కటే: నల్లజాతి శ్రామికులలో అధికభాగము బయటనే మిగిలిరి. ఈ చట్టము జల్లెడ వంటిదనియు, దాని రంధ్రములు తమవారు జారిపోవుటకు సరిపోవుననియు నల్లజాతి న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ ఆ యేడే సెనేటు సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను.

ఇది కఠినమైన రాజీ. ఐనను అందొక గుణము కలదు. చట్టమునకు గడువు లేదు. ఒకసారి లోనికి వచ్చినవానికి పింఛను హక్కు. అందుచేత తరువాతి తరము తలుపు మరికొంత తెరచుటకు వీలుపడెను. 1950 నాటి సవరణలతో నిలుకడగా పనిచేయు వ్యవసాయ కూలీలును, ఇంటి పనివారును లోనికి వచ్చిరి. 1954లో మరికొందరు చేరిరి. రంధ్రములు కొంతవరకు పూడినవి. కాని ఆ పదునైదు, ఇరువది యేండ్లలో ముసలివారై, పింఛను లేకయే కన్నుమూసినవారికి తరువాతి సవరణ లేమి చేయగలవు? రాజీ ఫలించెనని చెప్పునపుడు వారి పేరుకూడ లెక్కలో వ్రాయవలెను.

రెండవది 1983 నాటి రాజీ. పింఛను నిధి కొలది నెలలలో వట్టిపోవు స్థితి యేర్పడగా, రిపబ్లికన్ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, ప్రతినిధుల సభకు అధ్యక్షుడైన డెమోక్రాటు టిప్ ఓనీల్ ఒక యంగీకారమునకు వచ్చిరి. చందాల పెంపు ముందునకు జరిగినది. కలిగినవారి పింఛనుపై కొంత పన్ను పడినది. పూర్తి పింఛను వయస్సు 65 నుండి 67కు క్రమక్రమముగా పెరుగునట్లు చట్టము చేసిరి. వయస్సు పెంచుటకు బదులు ముందుముందు చందా పెంచుదమని క్లాడ్ పెప్పర్ అను వృద్ధ సభ్యుడు ప్రతిపాదించెను; అది ఓడిపోయినది. నిధి నిలిచినది. కోట్లాది వృద్ధులకు పింఛను ఆగలేదు. ఇది చిన్న మేలు కాదు.

కాని భార మెవరిపై పడినది? 67 ఏండ్ల నియమము 1960లోను, ఆ తరువాతను పుట్టినవారికి వర్తించును. చట్టమైన నాటికి వారిలో పెద్దవానికి 23 ఏండ్లు. పెక్కురు ఇంకను పుట్టనేలేదు. 62వ యేటనే పింఛను పుచ్చుకొనువానికి పూర్వము పూర్తి మొత్తములో నూటికి 80 వచ్చుచుండగా, వీరికి 70 మాత్రమే వచ్చును. కుర్చీలో కూర్చుండి పనిచేయువాడు రెండేండ్లు ఎక్కువ పని చేయగలడేమో. ఇటుకలు మోయువాని నడుము చట్టము మాట వినదు.

ఆ 1983 చట్టములోనే ఉపాధ్యాయులకు సంబంధించిన నిబంధన యొకటి కలదు. అమెరికాలో కొన్ని రాష్ట్రముల ఉపాధ్యాయులు కేంద్ర పింఛను పథకమున చేరక రాష్ట్రపు ప్రత్యేక పింఛను పొందుదురు. అట్టివారు వేరొక ఉద్యోగమున చందా కట్టి కేంద్ర పింఛనుకూడ సంపాదించుకొన్నచో, దానిలో కొంత కోత పడునట్లు ఆ నిబంధన చేసినది. తక్కువ జీతము గలవారికొరకు ఉద్దేశించిన అధిక నిష్పత్తి వీరికి చేరరాదనునది చట్టకర్తల హేతువు. తాము కట్టిన చందాకు తగిన ఫలము రాలేదనునది ఉపాధ్యాయుల మొర. న్యాయ మెవరిదైనను, ఆ నిబంధన తొలగుటకు 42 ఏండ్లు పట్టెను. 2025 జనవరి 5వ తేదీన అధ్యక్షుడు జో బైడెన్ దానిని రద్దుచేయు చట్టముపై సంతకము చేసెను. 1983లో తరగతి గదిలో తొలిసారి అడుగిడిన ఉపాధ్యాయిని అప్పటికి వృద్ధురాలైనది. రాజీ ఒక రాత్రిలో కుదురును. దానిని సరిదిద్దుటకు ఒక జీవితకాలము పట్టును.

మూడవది 1996 నాటి రాజీ. పేదకుటుంబములలోని బిడ్డలకు నగదు సహాయము 1935 నుండియు హక్కుగా నుండెను. రిపబ్లికన్ కాంగ్రెసు పంపిన బిల్లుపై డెమోక్రాటిక్ అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆగస్టు 22వ తేదీన సంతకము చేయుటతో ఆ హక్కు పోయినది. దాని స్థానమున రాష్ట్రములకు ఏటేట ఇంచుమించు 1,650 కోట్ల డాలర్ల నిర్ణీత ధనము ఇచ్చునట్లును, కేంద్రధనముతో నొక కుటుంబమునకు జీవితమున 60 నెలలకు మించి సాధారణముగా సాయము చేయరాదనియు నియమించిరి. ధరలు పెరిగినను ఆ మొత్తము పెరుగవలెనను నియమము లేదు. నిరసనగా పీటర్ ఎడెల్మన్, మేరీ జో బేన్ మున్నగు ఉన్నతాధికారులు పదవులు వదలుకొనిరి.

కొన్ని సంవత్సరములు ఉద్యోగములు విరివిగా దొరకినందున ఈ రాజీ విజయమని పలువురు మెచ్చుకొనిరి. ఒంటరి తల్లులు పెక్కురు పనులలో చేరిన మాటయు నిజమే. కాని 1996లో నూరు పేదకుటుంబములకు 68 కుటుంబములు ఆ సహాయము పొందుచుండగా, 2020 నాటికి 21 మాత్రమే పొందుచుండెను. 1935 రాజీ తలుపు సగము మూసినను గడియ పెట్టలేదు. 1996 రాజీ తలుపు తీసి చూపి, గది చిన్నదగునట్లు గోడలు కట్టినది.

నాలుగవది 2021 నాటిది. ఆ యేడు మార్చిలో చేసిన చట్టము బిడ్డల పన్ను రాయితీని ఒక్క సంవత్సరమునకు పెంచినది. ఆరేండ్లలోపు బిడ్డకు 3,600 డాలర్లు, ఆపై వయస్సువారికి 3,000 డాలర్లు. పన్ను కట్టునంత ఆదాయము లేని నిరుపేదకును పూర్తి మొత్తము చేరునట్లు చేయుట దాని ప్రధాన విశేషము. జూలై నుండి డిసెంబరు వరకు సగము మొత్తమును నెలనెల ఇంటికి పంపిరి. ప్రభుత్వ సాయములను కూడ ఆదాయముగా లెక్కించు కొలమానము ప్రకారము, బిడ్డల పేదరికము 2020లో 9.7 శాతము ఉండగా 2021లో 5.2 శాతమునకు దిగినది.

ఈ యేర్పాటును కొనసాగించు బిల్లు నవంబరులో ప్రతినిధుల సభలో నెగ్గెను. సెనేటులో పక్షములు చెరి 50. పాలకపక్షమువాడే యైన జో మాంచిన్ డిసెంబరు 19వ తేదీన తాను సమ్మతింపనని ప్రకటించెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయలేదు. నెలనెల పంపిణీ ఆగిపోయినది. 2022లో బిడ్డల పేదరికము 12.4 శాతమునకు ఎక్కినది. అదే బిల్లుతో జోడించి నడపవలసిన రహదారుల నిర్మాణపు బిల్లును విడదీసి ముందుగ నెగ్గింపరాదని ఆరుగురు అభ్యుదయవాదులు నవంబరులో వ్యతిరేకముగా ఓటు చేసియుండిరి. వారిని మొండివారనిరి. ఒక బిల్లు చట్టమై, రెండవది ఆగిపోయినప్పుడు వారి భయము నిజమైనది.

ఈ నాలుగు పాఠములనుండి రెండు పరీక్షలు దొరకుచున్నవి. మొదటిది: విడిచిన వాటా యెవరిది? వారు, లేక వారి పక్షమున మాటలాడగలవారు, ఆ చర్చయందు కూర్చుండిరా? 1935లో ఇంటి పనివారు, 1983లో పుట్టని బిడ్డలు, 1996లో పేద తల్లులు, 2021లో ఓటు లేని బాలురు — వీరందరును సంతకములు జరిగిన గదికి వెలుపలివారే. రెండవది: మిగిలిన సగము హక్కుగా నిలుచునా, గడువుతో కరగిపోవునా? హక్కుగా మిగిలినది రేపు పెరుగగలదు. గడువుతో వచ్చినది ప్రతి గడువుననూ మరల బేరమునకు వచ్చును. ప్రతి బేరమునను కొంత తరుగును.

2025 నవంబరు రాజీని ఈ పరీక్షలకు నిలిపినచో, ఆకలిని ఆపిన భాగము మొదటి పరీక్షలో కొంత నెగ్గును. బీమా భాగము రెంటను ఓడిపోవును. 2021లోను, 2022లోను గడువుపెట్టి చట్టము చేసిన నాడే ఆ యోటమికి విత్తనము పడినది. అభ్యుదయవాదులు తమ కోపములో కొంత ఆ నాటి తమ పక్షపు తొందరపై కూడ చూపవలసి యున్నది.

ఇది దూరదేశపు కథ యని మన ఉపాధ్యాయులు అనుకొన నక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2004 సెప్టెంబరు 1వ తేదీ నుండి కొలువులో చేరినవారికి పాత పింఛను లేకుండెను. జీతమునుండి చందా కట్టు పద్ధతి వచ్చినది. అప్పటికి కొలువులో నున్నవారి పింఛను చెక్కుచెదరలేదు. కావున నిర్ణయము జరిగిననాడు పెద్ద గొడవ పుట్టలేదు. నష్టపడువారు అప్పటికింకను విద్యార్థులు. ఒకే బడిలో, ఒకే పాఠము చెప్పు ఇద్దరు ఉపాధ్యాయులకు రెండు విధముల వార్ధక్యము నేర్పరచిన ఆ సర్దుబాటు సమయమున, వారిలో చిన్నవాడు బల్లపై కూర్చుండి పెద్దవాని పాఠమే వినుచుండెనేమో.

తరగతిలో రాజ్యాంగము బోధించునపుడు రాజీ లేనిదే ప్రజాప్రభుత్వము నడువదని చెప్పుదుము. అది సత్యమే. దానితోపాటు ఆ గదిలో లేనివారిని లెక్కించుట కూడ నేర్పినచో, పాఠము పూర్తి యగును.