తొలి రాకెట్: చేతికి తగినదా, కంటికి నచ్చినదా?

గల్ఫ్ దేశాలలో నివసిస్తున్న మన తెలుగు ముస్లిం కుటుంబాలలో ఈ మధ్య ఒక కొత్త కోరిక తరచుగా వినవస్తోంది. పిల్లలూ యువకులూ ప్యాడెల్ రాకెట్ కొనివ్వమంటున్నారు. హైదరాబాద్‌లోనూ ఈ ఆట కోర్టులు వెలిశాయి గనుక ఆ కోరిక ఇక్కడి ఇళ్లకూ చేరింది. దుకాణానికి వెళ్లిన తండ్రికి ఏది కొనాలో తెలియదు. కుమారుడు చూపించేదేమో చాలాసార్లు అన్నిటికన్నా ఖరీదైనదై ఉంటుంది. ఈ నెల ఆ ఎంపికను గురించే ఆలోచిద్దాం.

1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్కుయేరా అనే ఆయన తన ఇంటి ఆవరణలో ఈ ఆటను రూపొందించారు. తరువాత అది స్పెయిన్, అర్జెంటీనాలలో విస్తరించి, అరబ్బు దేశాలకూ చేరింది. 2021లో దోహా, 2022లో దుబాయ్ ప్రపంచ పోటీలకు వేదికలయ్యాయి. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల కోర్టులో ఇద్దరికి ఇద్దరు చొప్పున నలుగురు ఆడతారు. నేలను తాకిన బంతి అద్దాల గోడకు తగిలి వెనుదిరిగి వచ్చినా కొట్టవచ్చు. దీని రాకెట్‌కు టెన్నిస్ రాకెట్ వలె అల్లిన తీగలుండవు. లోపల ఫోమ్, పైన రంధ్రాలు గల పలక ఉంటాయి.

దేహానికి బలం చేకూర్చే ఆటను ఇస్లాం నిరాకరించలేదు. దైవప్రవక్త (సఅసం) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారనీ, ఒకసారి ఆమె, మరోసారి ఆయన గెలిచారనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. కనుక ఆట తప్పు కాదు. మనం ఆలోచించవలసింది ఆ ఆటకై చేసే ఖర్చు గురించీ, దాని వెనుకనున్న సంకల్పం గురించీ.

రాకెట్లు ప్రధానంగా మూడు ఆకారాలలో లభిస్తాయి. వజ్రాకారపు రాకెట్ బరువు పైభాగాన ఉంటుంది. అది దెబ్బకు వేగమిస్తుంది గానీ, బంతి సరిగ్గా తగలవలసిన చోటు చిన్నది. అనుభవజ్ఞుల చేతిలోనే అది రాణిస్తుంది. గుండ్రని రాకెట్‌లో ఆ చోటు విశాలంగా, మధ్యలో ఉంటుంది. గురి కొంత తప్పినా బంతి అవతలికి చేరుతుంది. నీటిబొట్టు ఆకారం ఈ రెంటికీ మధ్యస్థం. కొత్తగా నేర్చేవారికి గుండ్రనిదే మేలు.

పెద్దలకు సుమారు 345 నుండి 365 గ్రాముల బరువు సరిపోతుంది. పిల్లలకు అంతకంటే తేలికైనవి వేరుగా దొరుకుతాయి. కార్బన్ పలక బిరుసుగా ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ పలక కాస్త వంగే గుణం కలది, ధరలోనూ తరచుగా తక్కువ. లోపలి ఫోమ్ మెత్తనిదైతే నెమ్మదిగా కొట్టినా బంతి ఎగురుతుంది, మోచేతికి అదురు తగ్గుతుంది. బరువైన, బిరుసైన రాకెట్‌తో ఆరంభించినవారికి మోచేతి నొప్పి పట్టుకునే ప్రమాదముంది. శరీరానికీ మనపై హక్కు ఉందన్నది ప్రవక్త (సఅసం) బోధన. మణికట్టుకు తగిలించుకునే తాడు ఆట నియమాల ప్రకారం తప్పనిసరి. అది దృఢంగా ఉన్నదీ లేనిదీ చూడండి. ఎండలో నిలిపిన కారులో రాకెట్‌ను వదిలేస్తే వేడికి ఫోమ్ పాడవుతుంది.

కొనడానికి ముందు కోర్టులో అద్దెకిచ్చే రాకెట్లతో నాలుగైదు సార్లు ఆడనివ్వండి. ఆసక్తి నిలిస్తేనే కొనండి. వాడినది కొనడంలోనూ చిన్నతనం లేదు. అయితే అంచున పగుళ్లున్నాయేమో వేలితో తడిమి చూడాలి. అమ్మేవారు మన సోదరులైతే వారికీ ఒక మాట: పైకి పొడిగా కనిపించిన ధాన్యపు రాశిలో ప్రవక్త (సఅసం) చేయి పెట్టగా లోపల తడి తగిలింది, లోపాన్ని దాచిన ఆ వర్తకుణ్ణి ఆయన తీవ్రంగా మందలించారు. పగులుపై స్టిక్కరు అంటించి అమ్మడమూ ఆ కోవలోనిదే.

ఛాంపియన్ వాడే రాకెట్ నేర్చుకునేవానికి ఆట నేర్పదు. తోటివారి కళ్లలో గొప్పగా కనిపించడానికే దాన్ని కొంటే అది దుబారా. ఇంటి అద్దె, బడి ఫీజు, స్వదేశంలోని తల్లిదండ్రులకు పంపవలసిన సొమ్ము తండ్రి జీతంపై ముందుగా హక్కు గలవి. ఈ లెక్కను పిల్లల ఎదుటే వేసి చూపండి. అలాగని చేతికి హాని చేసే నాసిరకాన్ని అంటగట్టడమూ సరికాదు. దుబారాకూ పిసినారితనానికీ మధ్యనున్న మార్గాన్నే దివ్య ఖుర్ఆన్ ప్రశంసించింది.

రాకెట్ చేతికి వచ్చాక కోర్టులో రెండు జాగ్రత్తలు అవసరం. సాయంకాలపు వేళను బుక్ చేసేటప్పుడు మగ్రిబ్, ఇషా నమాజులు తప్పకుండా చూసుకోవాలి. ఓడినవారే కోర్టు అద్దె అంతా చెల్లించాలన్న షరతు కొందరు సరదాగా పెట్టుకుంటారు. ఇరువైపులా సొమ్ము ఒడ్డి, గెలుపోటములపై దాన్ని తేల్చడాన్ని ధర్మశాస్త్రవేత్తలు జూదంగానే పరిగణించారు. నలుగురూ సమానంగా పంచుకుంటే ఏ చిక్కూ లేదు.

మన సంతానానికి ఆరోగ్యాన్నీ, ఖర్చులో మితాన్నీ, లావాదేవీలలో నిజాయితీనీ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.