ల్యాప్‌టాప్ తాళంచెవి అంగడిలో ఎందుకు ఉండాల?



మన ఊళ్లో ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ఎవరైనా చేసే పని ఒకటే. సంచిలో పెట్టుకొని అంగడికి పోతారు. అంగడాయన రెండు నిమిషాలు చూసి "ఓఎస్ పోయింది, కొత్తగా వేయాల, సాయంత్రం రండి" అంటాడు. సాయంత్రం పోయి ఐదు వందలో, ఏడు వందలో ఇచ్చి తెచ్చుకుంటారు. ఆ మధ్యలో మెషిన్‌లో ఏం పోయింది, ఏం వచ్చింది అని ఎవరూ అడగరు. రాబర్ట్‌సన్‌పేటలో అయినా, బంగారుపేటలో అయినా, ముళబాగిలులో అయినా ఇదే పద్ధతి. ఈ పద్ధతి పోవాల. పదో తరగతి పాసయ్యే లోపల మన బడిలో చదివే ప్రతి ఒక్కరికీ ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం చేతికి రావాల. నా వాదన ఇదే. చదివి కోపం వచ్చినవాళ్లు వచ్చే సంచికలో జవాబు రాయవచ్చు.

మొదటి తప్పు ల్యాప్‌టాప్ తయారు చేసే కంపెనీలది. ఒకప్పుడు కంప్యూటర్ కొంటే దాంతోపాటు సీడీలు ఇచ్చేవాళ్లు. మెషిన్ చెడితే సీడీ వేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకునేవాళ్లు. తర్వాత సీడీలు మానేసి, లోపలి డిస్క్‌లోనే ఒక మూల చోటు దాచి, విండోస్‌నూ దానికి కావలసిన డ్రైవర్లనూ అందులో పెట్టడం మొదలుపెట్టారు. దాన్నే రికవరీ పార్టిషన్ అంటారు. ఆన్ చేసేటప్పుడు వాళ్లు చెప్పిన బటన్ నొక్కితే మెషిన్ కొన్నరోజు ఎట్లుందో అట్ల తిరిగి వస్తుంది. వినడానికి బాగానే ఉంది. అయితే అది మనకు కావాల్సి వచ్చేది ఎప్పుడు? చానాసార్లు డిస్క్ చెడినప్పుడే. అది ఉండేది ఎక్కడ? అదే డిస్క్‌లో. డిస్క్ మారిస్తే అదీ పోతుంది. కొత్తగా సి, డి డ్రైవులు చేస్తామని ఎవరైనా పార్టిషన్లన్నీ చెరిపేసినా పోతుంది.

మా తాత ఛాంపియన్ రీఫ్ గనిలో పని చేసినాడు. 3 కిలోమీటర్లకు పైగా లోతు పోయిన గని అది. రాక్ బరస్ట్ అంటే ఏమిటో మన కేజీఎఫ్ పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేదు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. గనుల నియమాల్లో ఒకటుంది: లోపల పని చేసే మనుషులు పైకి రావడానికి రెండు వేర్వేరు దారులు ఉండాల. ఒకటి మూసుకుపోతే ఇంకోదానిలో నుంచి రావాల. రెండో దారిని కూడా మొదటి షాఫ్ట్‌లోనే కట్టి "మాకు రెండు దారులు ఉన్నాయి" అని ఏ మేనేజరైనా రాసిస్తే మా తాత ఒప్పుకొని దిగేవాడా? రికవరీ పార్టిషన్ అట్లాంటి రెండో దారి. వేలకు వేలు పోసి కొన్న వస్తువుతోపాటు ఒక చిన్న పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి కంపెనీలకు చేతులు రావు.

ఇక అంగడి సంగతి. మా అన్న బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. హార్డ్ డిస్క్ మరీ మెల్లగా నడుస్తుంటే ఒక అంగడిలో దాన్ని తీయించి ఎస్‌ఎస్‌డి వేయించినాడు. పాత డిస్క్‌తోపాటు రికవరీ పార్టిషన్ కూడా పోయింది. అంగడాయన విండోస్ వేసి ఇచ్చినాడు. కొన్నాళ్లకు స్క్రీన్ మూలలో "యాక్టివేట్ చేయండి" అని రాసి కనబడింది. మళ్లీ పోతే మళ్లీ డబ్బు. అప్పుడు మా అన్న కూర్చొని చూస్తే తెలిసిన విషయం ఇది: ఆ ల్యాప్‌టాప్‌కు అసలు లైసెన్సు విండోస్ హోమ్‌ది. అంగడిలో వేసింది విండోస్ ప్రో, దొంగ యాక్టివేటర్‌తో.

ఇక్కడ చానామందికి తెలియని మాట ఒకటి చెబుతాను. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లలో కంపెనీవాళ్లు లైసెన్సు నంబరును మదర్‌బోర్డులోని చిప్‌లోనే రాసి పెడుతున్నారు. అంతకుముందు మెషిన్ అడుగున స్టిక్కరు ఉండేది, అది అరిగిపోయేది. ఇప్పుడు అరిగేది ఏమీ లేదు. డిస్క్ మార్చినా, రికవరీ పార్టిషన్ పోయినా, మదర్‌బోర్డు ఉన్నంత వరకు లైసెన్సు ఉంటుంది. అదే రకం విండోస్‌ను, అంటే హోమ్ ఉంటే హోమ్‌నే వేస్తే, ఇంటర్నెట్ తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. వేయడానికి కావలసిన ఫైలును మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులో ఉచితంగా ఇస్తారు. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. మా అన్న అట్లే చేసినాడు, యాక్టివేట్ అయింది. మన డబ్బుతో కొన్న అసలు లైసెన్సు లోపల నిద్రపోతుంటే, దొంగదానికి మళ్లీ డబ్బు కడుతున్నాము. మారికుప్పంలో తెల్లవారుజామున రైలు ఎక్కి బెంగళూరుకు పోయి రాత్రికి తిరిగొచ్చే అమ్మానాయనల డబ్బు అది.

దొంగ విండోస్ అయితే ఏమి, పని చేస్తుంది కదా అని అడుగుతారు. ఆ యాక్టివేటర్ వేసేటప్పుడు ముందు యాంటీవైరస్‌ను ఆపమంటుంది. ఇంటికి వచ్చిన మనిషి "ముందు కుక్కను కట్టేయండి, తలుపు వెనకాల తాళం తీసి పెట్టండి" అంటే మనము లోపలికి రానిస్తామా? చానా అంగళ్లలో అప్‌డేట్లు కూడా ఆపేసి ఇస్తారు, యాక్టివేషన్ పోతుందని. అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందో 2017 మే నెలలో లోకమంతా చూసింది. వాన్నాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. వేసుకోని మెషిన్లు దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకు కూడా తగిలింది. మన పక్క జిల్లా చిత్తూరు పేరు కూడా అప్పుడు వార్తల్లో వచ్చింది.

డబ్బు పోవడం చిన్న సంగతి. ఫైళ్లు పోవడమే పెద్దది, అందులోనూ మన తెలుగు మీడియం పిల్లలకు. కర్ణాటకలో తెలుగు మీడియంలో చదివేవాళ్లకు బజారులో గైడ్లు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. మనకు గైడు అంటే సార్లు, టీచర్లు రాత్రిళ్లు కూర్చొని టైపు చేసి ఇచ్చే నోట్సే. నాకు తెలిసిన ఒక సార్ ల్యాప్‌టాప్ అంగడికి పోయింది. అంగడిలో డి డ్రైవును కూడా ఫార్మాట్ చేసేసినారు. ఏండ్ల నోట్సు, ప్రశ్నపత్రాలు పోయినాయి. ఒకరిద్దరి దగ్గర మెయిల్‌లో మిగిలిన ఫైళ్లు తెప్పించి తెరిస్తే అక్షరాల బదులు ఏవో గుర్తులు కనబడినాయి. అవి అను ఫాంట్లలో టైపు చేసినవి, కొత్త విండోస్‌లో ఆ ఫాంట్లు లేవు. అంగడాయన కన్నడానికి నుడి వేసి ఇచ్చినాడు. తెలుగు సంగతి అడిగితే, "తెలుగు ఎవరు అడుగుతారు సార్ ఇక్కడ?" అన్నాడంట. ఆయన మీద నాకు కోపం లేదు. ఎవరూ అడగలేదు, ఆయన వేయలేదు. మన మెషిన్ మనమే కట్టుకుంటే అడగాల్సిన అవసరమే రాదు. నుడీ వేసుకుంటాము, తెలుగూ వేసుకుంటాము. విండోస్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే గౌతమి ఫాంటు దించుకోవచ్చు, కీబోర్డు కూడా వస్తుంది. ఇకమీదట నోట్సు యూనికోడ్‌లో టైపు చేస్తే ఏ మెషిన్‌లో అయినా తెలుగు తెలుగులాగే కనబడుతుంది.

మరి బడిలో ఏం నేర్పుతున్నారు? పెయింట్‌లో ఇల్లు గీయడం, పవర్‌పాయింట్‌లో అక్షరాలు ఎగిరి రావడం. సీపీయూ అంటే పూర్తి పేరు రాయండి, రెండు మార్కులు. సైకిల్ నేర్పేవాళ్లు గంట కొట్టడం నేర్పి ఇంటికి పంపినట్టుంది. కేరళను చూడండి. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టారు. తర్వాత బడి కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చారు. ఉబుంటు మీద తమ బడులకోసమే ఒక వ్యవస్థ తయారు చేసుకున్నారు. 2018లో లిటిల్ కైట్స్ అని హైస్కూలు పిల్లల క్లబ్బులు పెట్టారు. అదే 2001లో, ఫిబ్రవరి 28న, మన ఊళ్లో గనులు మూసేశారు. ఆ పోలిక చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. మన జిల్లాలోనే నరసాపురంలో ఐఫోన్లు జోడిస్తున్నారు. లోకానికి ఫోన్లు చేసిచ్చే జిల్లాలో పిల్లలకు ఒక పెన్‌డ్రైవ్‌తో మెషిన్ లేపడం రాకపోతే ఎట్ల?

"పిల్లలు చేస్తే ఇంకా పాడు చేస్తారు" అంటారు. పాడయ్యే చోట్లు ఏవో ముందే నేర్పితే పాడు చేయరు. ఆ చోట్లు ఎక్కువేమీ లేవు, చెబుతాను. పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి ఖాళీది తీసుకోవాల. విండోస్ లేవకపోయినా డిస్క్ బాగుంటే ఫైళ్లు బయటికి తీయవచ్చు. ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసి, దానితో మెషిన్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా "ట్రై" అన్నది ఎంచుకుంటే డిస్క్‌ను మార్చకుండానే తెరుచుకుంటుంది. ఫైళ్లు వేరే డిస్క్‌కు కాపీ చేసుకోవచ్చు. ఈ పని అయ్యేదాకా విండోస్ జోలికి పోకూడదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటుంది, దానికి 48 అంకెల కీ కావాల. మెషిన్ బాగున్నప్పుడే దాన్ని నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాల. ఇన్‌స్టాల్ మధ్యలో పార్టిషన్ల పట్టిక వస్తుంది. అసలు జాగ్రత్త అక్కడ. సి, డి రెండూ ఒకే డిస్క్‌లో ముక్కలు. ఏది దేనిదో సైజు చూసి గుర్తుపట్టినాకే చెరపాల. ఒక్కోసారి డిస్కే కనబడదు. డిస్క్ పోయిందని భయపడనక్కరలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లకు స్టోరేజి డ్రైవర్ వేరుగా ఇవ్వాల్సి వస్తుంది. దాన్నీ, వైఫై డ్రైవర్‌నూ కంపెనీ వెబ్‌సైటు నుంచి ముందే దించి పెట్టుకుంటే చాలు. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి నెట్ ఇవ్వవచ్చు. ఇంతే. తొమ్మిదో తరగతిలో మనము చేసే గణితం కంటే ఇది కష్టం కాదు.

"ఇదంతా ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగు మీడియం పిల్లలకు ఎట్ల వస్తుంది" అనే మాట మన బడిలోనే విన్నాను. నేను ఇప్పటిదాకా రాసింది తెలుగులోనే కదా, అర్థం కాలేదా? హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు తెలుగులో కనబడే లైనక్స్‌నే తయారు చేశారు, పిల్లలకోసం బాల స్వేచ్ఛ అని ఇంకొకటి కూడా చేశారు. లైనక్స్‌ను 1991లో మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్‌కు అప్పుడు 21 ఏండ్లు, చదువుకునే పిల్లవాడే.

అంగళ్లవాళ్ల కడుపు కొడుతున్నావా అని మా మామ అడిగినాడు. లేదు. విరిగిన స్క్రీను, పోయిన కీబోర్డు, కాలిన బోర్డు, చచ్చిన డిస్క్‌లో నుంచి ఫొటోలు తీయడం, ఇవన్నీ నిజమైన చేతిపనులు. వాటికి అడిగినంత ఇద్దాము. ఉచితంగా దొరికేదాన్ని దొంగతనంగా వేసి డబ్బు తీసుకోవడం చేతిపని కాదు.

లైనక్స్ ఒక్కటే చాలని నేను అనడం లేదు. ట్యాలీ నేర్చుకునేవాళ్లకు, ఆఫీసు పనికి పోయేవాళ్లకు విండోస్ కావాల. ఉన్న లైసెన్సును పోగొట్టుకోకుండా వాడుకోండి అంటున్నాను. బడి కంప్యూటర్ గది సంగతి వేరు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, కొత్త ప్రాసెసర్ కావాల, మన పాత మెషిన్లు దానికి సరిపోవు. వాటిని గుజరీకి వేయకుండా లైనక్స్ వేస్తే ఇంకా కొన్నేండ్లు పని చేస్తాయి. ఆ పని మేమే చేస్తాము, మమ్మల్ని చేయనివ్వండి.

హెడ్‌మాస్టరు గారిని అడిగేది ఎక్కువేమీ లేదు. నెలలో ఒక శనివారం కంప్యూటర్ పీరియడ్, గదిలో అందరికంటే పాతదైన మెషిన్ ఒకటి, చెరిపి వేసి మళ్లీ చెరపడానికి. బీరువాలో పేరు రాసిన పెన్‌డ్రైవులు నాలుగు, విండోస్‌వి రెండు, ఉబుంటువి రెండు. తల్లిదండ్రులు తమ ల్యాప్‌టాప్ తెస్తే, పక్కన ఒక టీచర్ నిలబడి చూస్తుండగా, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ముందు ఫైళ్లు కాపీ చేసి, తర్వాత ఓఎస్ వేసి ఇస్తారు. సార్లు, టీచర్ల నోట్సు అంతా మొదటి శనివారమే వేరే డిస్క్‌కు కాపీ చేసి, ఆ డిస్క్‌ను ఆఫీసు బీరువాలో పెడదాము.