మాట వినని కుక్కా? వినపడని కుక్కా?

"ఎంత పిలిచినా పలకదండీ, మహా మొండిది. నిద్రలో చెయ్యి వేస్తే మీదికి ఎగిరింది. ఇక మా వల్ల కాదు." ముచ్చటపడి కొన్న తెల్లటి కుక్కపిల్లని ఏడాది తిరక్కుండానే ఊరి చివర వదిలేసి వచ్చేవాళ్లు చెప్పే మాటలు ఇలాగే ఉంటాయి. మన భాషలోనే ఒక చిక్కుంది. లెక్కచేయకపోయినా 'వినదు' అనే అంటాం, చెవులు పనిచేయకపోయినా 'వినదు' అనే అంటాం. ఈ రెండింటికీ తేడా కనిపెట్టకే కొన్ని కుక్కలు ముందు దెబ్బలు తింటాయి, తర్వాత రోడ్డున పడతాయి.

తెలుపు ఎక్కువున్న కొన్ని జాతుల్లో పుట్టుచెవుడు ఎక్కువ. వెంట్రుకలకు రంగునిచ్చే కణాల్లాంటివే లోపలి చెవిలోనూ ఉండాలి. అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాలకే వినికిడి కణాలు చచ్చిపోతాయి. డాల్మేషియన్ల సంగతే చూడండి. అమెరికాలో జార్జ్ స్ట్రెయిన్ అనే శాస్త్రవేత్త చేసిన పరీక్షల్లో నూటికి సుమారు 8 కుక్కలకు రెండు చెవులూ, మరో 22 కుక్కలకు ఒక చెవీ వినపడవని తేలింది. పిల్లగా ఉన్నప్పుడు తోబుట్టువుల్ని చూసి అవెటు పరిగెడితే ఇదీ అటే పరిగెడుతుంది కనక కొనేవాళ్లకు అనుమానం రాదు. అమ్మేవాళ్లు అందరూ చెబుతారా అంటే, అదీ అనుమానమే.

అనుమానం వస్తే అది నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి తాళంచెవులు గలగలలాడించి చూడండి. గాలి తగలకూడదు, నేల అదరకూడదు. ఊరికే చెవిలో చీము, గుబిలి వల్ల కూడా వినికిడి తగ్గుతుంది కాబట్టి పశువైద్యుడికి చూపించకుండా చెవుడని తేల్చేయకండి.

ఇలా వీధిన పడ్డవాటిని చేరదీసే సంస్థలు మనకూ ఉన్నాయి. హైదరాబాద్‌లో అక్కినేని అమల బ్లూక్రాస్ మొదలుపెట్టింది 1992లోనే. కానీ పదుల కుక్కలున్న షెల్టర్‌లో ఒక చెవిటి కుక్కకు విడిగా పాఠం చెప్పే తీరిక ఎవరికుంటుంది? దానికి కావాల్సింది ఒక ఇల్లు. శాశ్వతంగా కాదు, రెండు మూడు నెలలు. ఆ కాస్త కాలం ఇంట్లో ఉంచుకుని, నలుగురిలో మెలగడం నేర్పి, పెంచుకునేవాళ్లు దొరికాక అప్పగించడాన్నే ఫోస్టరింగ్ అంటున్నారు. మన లెక్కలో చెప్పాలంటే అది కుక్కకు పుట్టిల్లు.

ఇంటికి తెచ్చేముందు ఒక మాట. కుక్కని తెమ్మని ఏడ్చేది పిల్లలు, సాయంత్రం ముద్దుచేసేది అయ్యగారు, పొద్దున్నే ఎత్తిపోసేది ఎవరో నేను చెప్పక్కర్లేదు. మామూలు కుక్కకైతే ఎలాగో సర్దుకుంటాం. దీనికలా కుదరదు. ఇంట్లో అందరూ ఒకే సైగ చేయాలి. అత్తగారు ఒకలా, పిల్లాడు ఒకలా చెయ్యి ఊపితే దానికేం అర్థమవుతుంది? అందరూ కూర్చుని పని పంచుకున్నాకే సంస్థవాళ్లకు సరేనని చెప్పండి. టీకాలు, ఆపరేషన్, మందుల ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

మొదటి పాఠం కూర్చోమనడం కాదు, మన మొహం చూడటం. అది తనంతట తాను మీ వంక చూసిన ప్రతిసారీ బొటనవేలు ఎత్తి చూపి, ఉడికించిన కోడిమాంసం ముక్కో గుడ్డు ముక్కో పెట్టండి. బొటనవేలు లేస్తే ముక్క వస్తుందని కొద్దిరోజుల్లో పట్టేస్తుంది. మన నోటి 'శభాష్' బదులు ఇక ఆ వేలే. తర్వాత అరచెయ్యి పైకి లేపితే కూర్చోవాలని, అడ్డంగా చూపితే ఆగాలని, గుండెల వైపు ఊపితే రావాలని ఒక్కొక్కటే నేర్పాలి. అయిదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. సైగ చేస్తూ పైకి మాట్లాడండి కూడా, తప్పులేదు. మనం మాట్లాడితే మొహంలో నవ్వు వస్తుంది, అది చదివేది ఆ మొహాన్నే. అన్నట్టు, దానికి మన చెయ్యే మన నోరు. ఆ చేత్తో ఒక్కసారి కొట్టారా, తర్వాత ఏ సైగ చేసినా బెదిరి పక్కకు పోతుంది.

రెండోది నిద్ర. కరుస్తుందన్న చెడ్డపేరు ఇక్కడే వస్తుంది. అడుగుల చప్పుడు తెలీని ప్రాణి మీద హఠాత్తుగా చెయ్యి పడితే ఉలిక్కిపడదూ? అందుకని ముందు మెలకువలో ఉండగానే భుజం మీద మెల్లగా తాకడం, వెంటనే ముక్క పెట్టడం అలవాటు చేయాలి. తర్వాత నిద్రలో ఉన్నప్పుడు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, వాసన తగిలాక భుజం తాకాలి. తాకితే మంచే జరుగుతుందని దానికి నమ్మకం కుదరాలి. పడుకున్న కుక్క మీద పడి ఆడొద్దని పిల్లలకు గట్టిగానే చెప్పండి. చెవిటి కుక్కలు మామూలు వాటికన్నా ఎక్కువ కరుస్తాయనేది ఉత్త భయం. 2014లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, వినికిడి, చూపు లోపమున్న కుక్కలకే దూకుడు తక్కువని పెంచేవాళ్లు చెప్పారు.

రాత్రి పెరట్లోంచి పిలవాలంటే లైటు రెండుసార్లు వేసి ఆర్పితే సరి. బయటికి మాత్రం పట్టీ లేకుండా వదలకండి, లారీ హారన్ దానికి వినపడదు. మెడపట్టీకి 'నాకు వినపడదు' అన్న బిళ్ల, ఫోన్ నంబరు ఉండాలి. ఒక సుఖం ఏమిటంటే, దీపావళి టపాకాయలకు వీధిలో కుక్కలన్నీ మంచాల కింద దూరుతుంటే ఇది హాయిగా నిద్రపోతుంది.

ఇక ఇచ్చేరోజు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఆ సలహా ఇక్కడ పనికిరాదు. 'కాస్త మందం' అని నసిగి అంటగడితే మూడో వారానికల్లా మళ్లీ వీధిలోనే కనిపిస్తుంది. చెవుడని మొదటే చెప్పండి. గోడలేని ఇల్లయితే వద్దనండి, పసిపిల్లలుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోమనండి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధికుక్కని దత్తత తీసుకున్నవాళ్లు అది మళ్లీ వీధికి రాకుండా చూసుకోవాలని చెప్పింది.

వచ్చినవాళ్ల చేత ఆ సైగలన్నీ మీ ఎదురుగానే చేయించి చూడండి. అది మీ వంక కాకుండా వాళ్ల మొహం వంక చూసే దాకా రెండు మూడుసార్లు రమ్మనండి. టీకాల కార్డు, పాత దుప్పటి, సైగలు రాసిన కాగితం సంచిలో పెట్టి పంపండి. మొదటి వారం రోజుకు నాలుగు ఫోన్లు వస్తాయి. విసుక్కోకుండా ఎత్తండి.