అబద్ధం ఎవరిది? శిక్ష ఎవరికి?

అత్తింటి వేధింపుల కేసు కొట్టేశారంటే చాలు, "అది దొంగకేసు, ఆడది అబద్ధమాడింది" అనేవాళ్ళకు హిందూపురంలో గానీ, పెనుకొండలో గానీ, ధర్మవరంలో గానీ కొదవ లేదు. కోర్టు చెప్పని తీర్పు ఇది. దాని వెనకాలే ఒక బెదిరింపు: "మాట మార్చినావంటే నిన్నే లోపలేస్తారు." ఈ బెదిరింపులో నిజమెంత?

ప్రమాణం చేసి, అబద్ధమని తెలిసి గానీ నిజమని తనే నమ్మకుండా గానీ చెప్పడం తప్పుడు సాక్ష్యం. పాత ఐ.పి.సి.లో ఇది 191, 193 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 227, 229. కోర్టు విచారణలో అయితే ఏడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా. అయితే నాలుగేళ్ళ కిందట తగిలిన దెబ్బ ఉగాదికి ముందా తర్వాతా అని తడబడటం తప్పుడు సాక్ష్యం కాదు. మరచిపోవడం నేరం కాదు. అవతలి వకీలు గంటసేపు అడ్డు ప్రశ్నలు వేసేది ఆ తడబాటు కోసమే.

స్టేషన్లో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం పెట్టనక్కరలేదు. కోర్టులో చెప్పినదానికి, దానికి తేడా ఉంటే ఎత్తిచూపడానికే అది పనికొస్తుంది. మెజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలం వేరు. అక్కడ సాక్షి చేత ప్రమాణం చేయించి రాస్తారు. దాన్ని తర్వాత కాదంటే ప్రమాదం నిజంగానే ఉంది. ఈ తేడా మన కార్యకర్తలే చాలామంది స్త్రీలకు ముందుగా చెప్పడం లేదు.

ఇక 'హాస్టైల్' అనే మాట. పిలిపించిన పక్షానికే సాక్షి ఎదురు తిరిగితే, ఆ పక్షం వకీలు కోర్టు అనుమతితో అడ్డు ప్రశ్నలు వేయవచ్చు. అంతకు మించి అర్థం లేదు. హాస్టైల్ అయినంత మాత్రాన ఆమె చెప్పినదంతా చెల్లకుండా పోదు, ఆమె నేరస్థురాలూ కాదు. తప్పుడు సాక్ష్యమని మొగుడి తరఫువాళ్ళు నేరుగా స్టేషన్లో కేసు పెట్టించలేరు. న్యాయం కోసం అవసరమని కోర్టుకే అనిపించాలి, కోర్టే ఫిర్యాదు పంపాలి. నాగరిక్ సురక్షా సంహితలో అది 379వ సెక్షన్.

ఇంతకీ ఆమె మాట ఎందుకు మారుస్తుంది? సీమ అనగానే ఫ్యాక్షన్ అని రాసేస్తారు పత్రికలవాళ్ళు. అత్తింటి కేసుల్లో బాంబులతో పనిలేదు. "నీ చెల్లెలికి పెళ్ళి కావద్దా?" అంటే చాలు. వాయిదాకు రావాలంటే మగ్గం ఆపుకోవాలి, కూలి పోగొట్టుకోవాలి, బస్సు చార్జీ పెట్టుకోవాలి. తీరా వస్తే వరండాలో ముద్దాయి పక్కనే నిలబడాలి. ఈలోగా పెద్దమనుషులు పంచాయితీ చేస్తారు. పెట్టుపోతలు వెనక్కిస్తారు, కాగితం రాసుకుంటారు. "నాకేం తెలీదు సామీ అని ఒక్క మాట చెప్పి వచ్చేయమ్మా, అంతే." ఆ ఒక్క మాట ప్రమాణం చేసి చెప్పాలని ఆమెకు ఎవరూ చెప్పరు.

ఇందులో ప్రభుత్వానికి పాత్ర లేదా? 498-ఎ కేంద్ర చట్టంలో రాజీకి వీల్లేని నేరం. 2003లో మన రాష్ట్రం దాన్ని సవరించి, దరఖాస్తు ఇచ్చాక మూడు నెలలు ఆగి, కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చంది. రాజీని నేను పొగడటం లేదు. దాని కింద నలిగేది ఎవరో మనకు తెలుసు. కానీ అప్పుడు కనీసం ఆమె బోనెక్కి అబద్ధం చెప్పే అవసరం ఉండేది కాదు. కొత్త సంహిత రాజీ జాబితాలో ఆ నేరం, అంటే ఇప్పటి 85వ సెక్షన్, లేదు. హైకోర్టుకు వెళ్ళి కేసు కొట్టివేయించుకునే దారి ఉన్నా, మడకశిర పల్లెల నుంచి అమరావతి ఎంత దూరం! దగ్గరున్న దారి అబద్ధమే. ఊరంతా కలిసి ఆడించిన అబద్ధానికి పేరు మాత్రం ఆమెది.

ఆడించినవాళ్ళకూ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. తప్పుడు సాక్ష్యం చెప్పమని బెదిరించడం 2006లోనే 195-ఎ కింద నేరమైంది, ఇప్పుడది 232. ఏడేళ్ళ దాకా శిక్ష. పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. పెద్దమనుషుల మీద ఈ సెక్షన్ ఎక్కడ వాడుతున్నారు? సుప్రీంకోర్టు 2018లో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం సంగతీ చూడండి. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంది గానీ, అది ఏడేళ్ళూ ఆపైన శిక్షపడే నేరాలకు, మరికొన్ని లైంగిక నేరాలకు. వరకట్నపు చావుకు వర్తిస్తుంది. మూడేళ్ళ శిక్ష ఉన్న అత్తింటి వేధింపులకు వర్తించదు. చచ్చిపోతే సాక్షులకు రక్షణ, బతికుంటే లేదు!

కేసు వీగిపోతే ఆడవాళ్ళు అబద్ధమాడినట్టేనా? వాకపల్లిని గుర్తుచేసుకుందాం. 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చేయలేదని అధికారులను తప్పుబట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు మాట మార్చకుండా నిలబడ్డవాళ్ళ గతే అది.

అందుకని మన సంఘాలు చేయాల్సిన పని బోనెక్కే రోజుకు చాలా ముందే ఉంది. వాయిదాలకు ఆమె వెంట ఒకరు వెళ్ళాలి, సాక్షి బత్తా అడగాలి. పంచాయితీకి పిలిచారని తెలిసిన రోజే 232 కింద స్టేషన్లో అర్జీ ఇవ్వాలి. రాజీ కాగితం మీద సాక్షి సంతకాలు పెట్టిన పెద్దమనుషుల పేర్లు, ఒక్కటీ వదలకుండా, ఆ అర్జీలో రాయాలి.